'ఆయ్' అనకూడని తరగతి

పెంపుడు జంతువుల వైద్యంలో మా పశువైద్యులందరికీ గురువైన డాక్టర్ సూర్యప్రకాశం గారు కాకినాడ ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు. కొత్తపేట డాక్టర్ రాంబాబు ఫోన్ చేసేటప్పటికి రాజోలులో నా క్లినిక్‌లో ఒక పిల్లికి సెలైన్ ఎక్కిస్తున్నాను. "మేడం, గురువుగారు వెళ్ళిపోయేరండి" అన్నాడు. "ఆయ్" అన్నాను. 'అవునండీ'కి బదులు 'ఆయ్' అనే మా గోదావరి నోటికి వినయం ముందు, అర్థం తరువాత. అర్థమయ్యాక పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను.

ప్రభుత్వ పశువైద్యాధికారిగా జీవితమంతా గోదావరి లంక గ్రామాల పాడిపశువులకు సేవచేసి, పదవీ విరమణానంతరం అమలాపురంలో తన ఇంటి పై వాటాలో మాకోసం నెలకో ఆదివారం తరగతి నడిపిన విద్యాదాత ఆయన. గేదెల వైద్యం క్షుణ్ణంగా తెలిసిన మేము, సోఫా మీద పడుకునే కుక్కపిల్లల ముందు తెల్లమొహం వేస్తున్న రోజులవి. ఆయన స్వయంగా హైదరాబాదు, చెన్నై వెళ్ళి, మనవల ఈడువారి పక్కన కూర్చుని స్కానింగు, దంతవైద్యం నేర్చుకొచ్చి మాకు పంచిపెట్టేవారు. "గేదెకి భుజం దాకా చెయ్యి కావాలి, పిల్లికి రెండు వేళ్ళ కొసలు చాలు. ఆ తేడా తెలిసేసరికి నా ఉద్యోగం అయిపోయింది. మీకైనా ముందే తెలియాలమ్మా" అనేవారు.

ఒక ఆదివారం కొబ్బరి వర్తకుడొకాయన జబ్బుపడిన లాబ్రడార్‌ని తీసుకొచ్చాడు. పరీక్షించమని గురువుగారు నన్ను పురమాయించారు. నేను మహా శ్రద్ధగా, "అన్నం తింటోందా అండీ?" అన్నాను. "ఆయ్." "నీళ్ళు తాగుతోందా?" "ఆయ్." "విరేచనం అవుతోందా?" "ఆయ్." అన్నీ సవ్యంగా ఉన్న కుక్క కళ్ళు తేలేసి పడి ఉంది! గురువుగారు ముందుకొచ్చి, "పొద్దున్న ఏం పెట్టేరు? గిన్నెలో ఎంత మిగిలింది?" అని మాత్రం అడిగారు.

"పెట్టిందంతా మిగిలిపోయిందండీ. మొన్న మామిడి టెంక నవుల్తా కనపడిందండీ, ఆనాటి నుంచీ ఏదీ ముట్టట్లేదండీ."

"మరి డాక్టరమ్మగారికి తింటోందని చెప్పేరేంటండీ?"

"ఆవిడంత మర్యాదగా అడుగుతుంటే కాదంటే ఏం బావుంటుందండీ!"

తరగతంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్లయింది. గురువుగారు నవ్వలేదు. నా వేళ్ళు పట్టుకుని ఆ కుక్క పొట్ట మీద ఆనించి, లోపల గట్టిగా తగిలిన టెంకను నాచేతనే కనిపెట్టించారు. శస్త్రచికిత్స చేశాం, బతికింది. "మన మర్యాద మూగజీవాల ప్రాణం మీదికొస్తోందమ్మా. 'ఆయ్' అని జవాబొచ్చే ప్రశ్న ఎప్పుడూ వెయ్యకు" అన్నారు.

అప్పటినుంచి ఆ మేడ మీద 'ఆయ్' నిషిద్ధాక్షరమైంది. పాఠం మధ్యలో ఎవరైనా నోరు జారితే మరుసటి తరగతికి ఆత్రేయపురం పూతరేకులు తేవాలి. పాపం రాంబాబు ఎన్నిసార్లు తెచ్చాడో! "నా చదువంతా నేతి వాసనేనండీ" అని వాపోయేవాడు. గురువుగారు మాత్రం ఏనాడూ చిక్కలేదు. ఒకసారి కుర్ర డాక్టరొకరు స్కానింగు పాఠం చెబుతుంటే మేమంతా బుద్ధిగా తలలూపుతున్నాం. అందరిలోకీ పెద్దాయన, గురువుగారే లేచి నిలబడి, "నాకు బోధపడలేదండీ, మళ్ళీ చెప్పండి" అన్నారు. మాకూ బోధపడలేదన్న సంగతి అప్పుడు బయటపడింది.

ఆయన తరచుగా అనే మాట ఒకటుంది: "మన రోగికి మాట రాదు, యజమాని సరిగ్గా చెప్పడు, పక్కన ఇంకో డాక్టరుండడు. ఒంటరి పనమ్మా మనది. అందుకే కలుస్తూ ఉండాలి." ఆ మాటలోని బరువు ఇప్పుడు తెలుస్తోంది. వ్యాధి అంతుచిక్కనప్పుడల్లా ఆయనకు ఫోన్ చేసి "తెలియట్లేదండీ" అనేదాన్ని, సిగ్గుపడకుండా. రాజోలులో నన్ను నమ్మి వచ్చేవాళ్ళకు లోటు లేదు. తెలియదని చెప్పుకోవడానికి మాత్రం నాకిక మనిషి లేడు.

చివరిసారి ఆసుపత్రిలో చూసినప్పుడు ఆయన ధర్మపత్ని సుభద్రమ్మ గారు మంచం పక్కనే ఉన్నారు. నేను పిన్నిగారూ అని పిలిచే ఆ ఇల్లాలు పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదట. "నొప్పి తగ్గిందాండీ?" అని ఆయన మీదికి వంగి అడిగారు.

"ఆయ్" అన్నారు గురువుగారు.

తరగతిలో ఏనాడూ చిక్కని మనిషి! ఆవిడ మొహం తేటపడింది. కాఫీ తాగొస్తానని కిందికి వెళ్ళారు. నేను దగ్గరగా వెళ్ళి, "నొప్పి ఎక్కడెక్కడుందండీ? ఏ పక్కకి తిరిగితే ఎక్కువవుతోంది?" అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళతోనే నవ్వారు. "పాఠం బాగా వచ్చిందే నీకు! ఎటు తిరిగినా ఒకటేనమ్మా, తట్టుకోలేకపోతున్నాను. ఆవిడకి చెప్పకు" అన్నారు. పరుగున వెళ్ళి అక్కడి డాక్టరుకు చెప్పాను. మందు పెంచారు. అయినా పూర్తిగా ఉపశమించలేదు.

నిన్న పరామర్శకు అమలాపురం వెళ్ళాను. పై వాటాలో కుర్చీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. రాంబాబు వాటిని చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరగతి ఆపవద్దని పిన్నిగారు మాట తీసుకున్నారు. సెలవు తీసుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, నువ్వు డాక్టరువి, నీకు తెలుస్తుంది. ఆయన బాధ లేకుండానే వెళ్ళేరు కదూ?" అని అడిగారు.

"ఆయ్, పిన్నిగారూ" అన్నాను.

గురువుగారూ, మీ పాదాలకు నమస్కారం. మీరు పెట్టిన నియమం తప్పాను. మళ్ళీ తరగతికి పూతరేకులు నేనే తీసుకెళ్ళాలి. ఎందుకు తెచ్చానో మాత్రం అక్కడ ఎవరికీ చెప్పలేను.