ఏడుపు డబ్బా

క్లారీ హాబ్డేకు ఆ రోజు నిజంగానే గుండెలో నొప్పి వచ్చిందా? ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేకపోయాను.

న్యూజిలాండ్ పడమటి తీరంలో, తారురోడ్డు ఆగిపోయి కొండలు మొదలయ్యే చోట నాకొక కొట్టు ఉండేది. జింకల వేటకు, కొండనడకకు వెళ్లేవాళ్లకు బీకన్లు అద్దెకిచ్చేదాన్ని. అరచేతిలో ఇమిడే పసుపు డబ్బా అది. ప్రాణం మీదికొస్తే మీట నొక్కాలి, హెలికాప్టర్ వెతుక్కుంటూ వస్తుంది. డెబ్బై దాటిన వేటగాడు క్లారీ దానికి ఏడుపు డబ్బా అని పేరు పెట్టాడు.

"దీంతోపాటు పాలపీక కూడా ఇస్తావా, పిల్లా?" అనేవాడు. ఆ పిల్లకు, అంటే నాకు, అప్పటికే మనవలు.

"నువ్వు పోతే పోయావు, నీ శవాన్ని వెతకడానికి మా ఊరివాళ్ల మోకాళ్లు అరగాలా? పట్టుకెళ్లు."

"సరేలే, ఫ్లో మోస్తుంది" అంటూ తన ముసలి కుక్క మెడపట్టీకి కట్టేవాడు.

ఆ ఏడు మగజింకలు రంకెలు వేసే రోజుల్లో ఫ్లో లోయలోకి జారి వెనక్కాలు విరగ్గొట్టుకుంది. కింద ఏరు పొంగుతోంది. దాన్ని ఎత్తుకుని దాటడం క్లారీ వల్ల కాదు. జన్మలో మొదటిసారి ఆ మీట నొక్కాడు.

హెలికాప్టర్‌లో వెళ్లిన రక్షణ దళం కుర్రాడు టిపెనె తర్వాత నాకు చెప్పాడు. "కుక్కకి తన చొక్కా చుట్టి బిస్కెట్టు తినిపిస్తున్నాడు. మమ్మల్ని చూడగానే గుండె పట్టుకున్నాడు."

"ఏ వైపు?"

"ముందు కుడివైపు. నేను చూస్తుంటే ఎడమవైపుకి మార్చాడు. కుక్కల కోసం మేం రాకూడదు పెద్దాయనా, అన్నాను. 'కుక్క కోసమని ఎవడన్నాడ్రా? పోతున్నది నేను. అది నాకు తోడొస్తోంది' అన్నాడు."

మర్నాడు బిస్కెట్లు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఒంటినిండా తీగలతో పడుకుని ఉన్నాడు.

"ఫ్లో ఎలా ఉంది?"

"కట్టు కట్టారు, బతుకుతుంది. పక్క వీధిలో పశువుల డాక్టరు దగ్గరుంది. నీ సంగతేంటి?"

"నాకేం, దున్నపోతులా..." అంటూనే తలుపు వైపు చూసి, "అబ్బా" అని మూలిగాడు.

వచ్చిన డాక్టరమ్మ కాగితం చూపించింది. "మీట నొక్కి మంచిపని చేశారండీ. గుండె లయ తప్పుతోంది. ఇంకా ఆ కొండమీదే ఉంటే కష్టమయ్యేది. కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి."

క్లారీ నోరు తెరిచాడు. ఆమె బయటికి వెళ్లగానే నా మీద పడ్డాడు. "అబద్ధమాడుతోంది! నువ్వే చెప్పించావు కదూ?"

"అబద్ధం మొదలుపెట్టింది ఎవరట?"

ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఈసారి సరైన వైపే, పైకప్పు వైపు చూశాడు.

నేను టీ తెచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. తీగలు దిండు మీద పడి ఉన్నాయి. బిస్కెట్ల పొట్లం లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. ఆసుపత్రి గౌను మీద వేట కోటు తొడుక్కుని, మెడలో పసుపు డబ్బా ఊగుతుండగా, ఆయన పక్క వీధిలోకి మలుపు తిరుగుతున్నాడు.