తాడ్వాయిలో దిగిన గాలిమోటర్లు

1984 వానాకాలంలో నన్ను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వ్యవసాయ కార్యాలయానికి వేశారు. హోదా విస్తరణాధికారి. పని, వరిమళ్లలో చీడపురుగులను తినే పురుగులను రకాలవారీగా గుర్తించడం. అందులో తూనీగలు నా వాటా. వాలినప్పుడు రెక్కలు చాచి ఉంచేది తూనీగ, వీపు మీద ముడుచుకునేది సూది తూనీగ. ఇంతవరకు మా సహాయ సంచాలకుల వారికీ నాకూ పేచీ లేదు. గదిలోకి ముందు వారి మీసం వచ్చేది. వారు తీరిగ్గా వెనక వచ్చేవారు.

గొడవంతా రంగు దగ్గర వచ్చింది. మిరపపండులా ఎర్రనిదీ, పసుపు పచ్చనిదీ రెండు రకాలని ఆయన. ఒకే రకంలో మగా ఆడా అని నేను. జంటకట్టగా కళ్లారా చూపించు, లేదంటే విత్తనాల గోదాముకు కాపలా వేస్తానన్నారు. ఆ గోదాములో ఎలుకలు నాకంటే సీనియర్లు.

తాడ్వాయిలో ఖాజామియా అనే రైతు మడిగట్టు మీద మాటువేశాను. కొంగలు నన్ను తమ శాఖ ఉద్యోగి అనుకునేంత కదలకుండా కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం ఎర్రవీ పచ్చవీ జంటలు జంటలుగా పెనవేసుకున్నాయి. సారుకు ఫోను చేయమని ఖాజామియాను పోస్టాఫీసుకు ఉరికించాను.

మా వైపు విమానాన్ని గాలిమోటరు అంటారు. పొలాల్లో తూనీగ కూడా గాలిమోటరే. అవతల ఫోనెత్తింది పట్నం నుంచి కొత్తగా వచ్చిన గుమస్తా.

"సారును జల్ది రమ్మను అన్నా. ఎర్ర గాలిమోటరు, పచ్చ గాలిమోటరు మా పొలంల ఒకదాన్నొకటి పట్టుకున్నయి," అన్నాడు ఖాజామియా.

మనుషులకేమైనా అయిందా అని గుమస్తా అడిగాడు.

"మనుషులకేమైతది? మీ చిన్నసారు బురదల కూసొని సూస్తుండు."

గుమస్తా సారుకు, తహసీల్దారుకు, పోలీసులకు, తనకు తెలిసిన దేవుళ్లందరికీ కబురు పెట్టాడు. కాసేపటికి జీపులు, ఫైరింజను, వెనకాల సగం కామారెడ్డి దిగాయి. ఆ మోతకు తూనీగ అన్నది మిగల్లేదు. మా సారు మీసం నావైపు తిరిగింది. గోదాము ఎలుకలు కళ్లముందు మెదిలాయి.

"గింత లొల్లి జేస్తే ఏ ఆలుమొగలు ఉంటరు సార్?" అన్నాడు ఖాజామియా.

అప్పుడే ఒక జంట వచ్చి సారు జీపు బానెట్ మీద వాలింది. అద్దంలా మెరిసే బానెట్‌ను చెరువనుకున్నట్టుంది. విడిపోయాక పచ్చది తోక తాకిస్తూ గుడ్లు పెట్టింది. ఎర్రది పైన పహరా కాసింది. తహసీల్దారు, పోలీసులు, ఫైరింజను సిబ్బంది అందరూ సాక్షులే. సారు చాలాసేపు వంగి చూసి, ఒకటే రకమని ఒప్పుకున్నారు. గోదాముకు గుమస్తాను వేశారు.

రంగు చూసి రకం తేల్చకూడదని ఆనాడు నేర్చుకున్నాను. తూనీగలు మాత్రం ఏమీ నేర్చుకోలేదు. నేను రిటైరయ్యేదాకా, కడిగిన జీపు కనిపిస్తే చాలు, గుడ్లు పెడుతూనే ఉన్నాయి.