చిన్నాయన షెడ్డులో రంగుల పడుగు

పక్కింటివాళ్ళు తలుపులకు రంగు వేయిస్తున్నారు. రెండు మూడు రోజులుగా టర్పెంటైన్ వాసన మెట్ల మీదుగా వచ్చి, మా వంటింట్లో వార్చిన గంజి వాసనతో కలిసి నా గదిలో నిలుస్తోంది. తిరుపతిలో ఈ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకు అది తలనొప్పి వాసన. నాకు మాత్రం అది నగరిలో మా చిన్నాయన షెడ్డు. ఆ రెండు వాసనలూ ఒకచోట ఉండడం నేనింకెక్కడా ఎరగను.

చిన్నాయన మెడ్రాసులో బొమ్మల కాలేజీలో చదివి, కొన్నాళ్ళు సినిమా బ్యానర్లు గీసి, డెబ్బైల చివర్లో భుజాల దాకా జుట్టుతో ఊరికి తిరిగొచ్చాడు. పవర్‌లూమ్‌లు వచ్చి నేతగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, ఇంటి వెనక నాయన మగ్గాల షెడ్డు దాదాపు ఖాళీ అయింది. ఒక్క మా మేనత్త రుక్కత్త మగ్గం మాత్రం మూలన ఆడుతూ ఉండేది. ఆ మగ్గాన్ని కదిలించకుండా, మిగిలిన జాగా అంతా చిన్నాయన తీసుకుని గోడలకు నల్లరంగు పూశాడు. ఆ తర్వాత మెడ్రాసు బస్సులోనూ తిరుపతి బస్సులోనూ అతని స్నేహితులు రావడం మొదలైంది: విరిగిన మగ్గం చెక్కలకు సైకిల్ చైన్లు చుట్టి మనుషుల్ని చేసేవాడొకడు, నేలమీద బోర్లా పడుకుని తెలుగూ అరవమూ కలిపి కవిత్వం చదివేవాడొకడు, చీర కొంగు నడుముకు దోపి మొగవాళ్ళ ముందే సిగరెట్టు కాల్చే ఒకామె, గిటారు భుజాన వేసుకుని తిరిగే సెల్వం. సెల్వం మొదటిసారి బస్సు దిగి మా గడపలో నిలబడ్డప్పుడు, అతని జుట్టూ పూసలూ చూసి మా అవ్వ, "గంగమ్మ జాతర ఇంకా నెల ఉండాదే నాయనా, అప్పుడే యేషం గట్టేసినావా?" అంది. అతను వంగి అవ్వ కాళ్ళకు మొక్కి, "ఇది నా ఒరిజినల్ యేషమే పాటీ" అన్నాడు, అవ్వను అరవంలో పిలుస్తూ.

ఆ షెడ్డులో ఒకే ఒక కట్టుబాటు ఉండేది. బొమ్మ ముందు నిలబడి "ఏందిది?" అని అడిగినవాళ్ళు అందరికీ టీ తెప్పించాలి. దాంతో మా వీధి పెద్దలు కూడా ఏమీ అడక్కుండా, గడ్డం గోక్కుంటూ, చాలాసేపు చూసి వెళ్ళడం నేర్చుకున్నారు. మధ్యాహ్నం అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని సంగటి ముద్దలు చెనిక్కాయల ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని తినేవాళ్ళు. ఎవరిది ఏ కులమని ఎవరూ అడిగేవాళ్ళు కారు. వీధికి సిగరెట్ల కన్నా అదే పెద్ద కోపం. నాయన బయట ఏమీ అనేవాడు కాదు గానీ, భోజనం దగ్గర, "ఈ సంతంతా ఎన్నాళ్ళబ్బా?" అని పళ్ళెంతో మాట్లాడేవాడు.

రుక్కత్త నాయనకు చెల్లెలు, చిన్నాయనకు అక్క. పుత్తూరులో భర్త ఇంకొకామెను తెచ్చుకుంటే పుట్టింటికొచ్చి మగ్గమెక్కింది. మా అమ్మ పోయినప్పటి నుంచీ నన్ను పెంచింది ఆమే. ఆమె పక్కనే పడుకునేవాణ్ణి, ఆమె కలిపిన ముద్దే తినేవాణ్ణి, మగ్గం ఆగితే నిద్రలోనే ఉలిక్కిపడేవాణ్ణి. ఆమె నేసిన చీరలన్నీ సావుకారి ముద్రతో అంగడికి పోయేవి. నేసినవాళ్ళ పేరు చీర మీద ఉండదు. ఉండాలని మా వీధిలో ఎవరికీ తోచలేదు కూడా.

ఆ ఊహ చిన్నాయన తెచ్చాడు. చలికాలం తెల్లవారుజామున మా వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. మంచులో తెల్లటి నది కదలకుండా నిలిచినట్టుండేది. దాన్ని చూసి చూసి, నేశాక గుడ్డమీద గీయడమెందుకు, నేయకముందే పోగుల మీద గీస్తే పోలేదా అన్నాడు. నేతగాళ్ళు నవ్వారు. రుక్కత్త నవ్వలేదు. రంగును గంజిలో కలిపి పెచ్చులు రాలకుండా చేసింది. నేసేటప్పుడు బొమ్మ అంచులు చెదురుతుంటే ఏ బిగువులో పోగు లాగితే గీత నిలుస్తుందో, చిన్న చిన్న ముక్కలు నేసి విప్పి, మళ్ళీ నేసి కనిపెట్టింది. ఆ తర్వాత షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పెద్ద పడుగు కట్టి, ఇద్దరూ కలిసి దాని మీద నగరి ముక్కుకొండను దించారు: ఆకాశం చూస్తూ వెల్లకిలా పడుకున్న మొహంలాంటి ఆ కొండను. మెడ్రాసులో ప్రదర్శనకు పిలుపు వచ్చింది. "అంచులో ఇద్దరి పేర్లూ నెయ్యాలక్కా. నీది ముందు" అన్నాడు చిన్నాయన. ఆ సాయంత్రం ఆమె నా పలక తీసుకుని తన పేరు రాసి, చెరిపి, మళ్ళీ రాసుకుంది.

అప్పుడే సెల్వం, "అక్కా, నువ్వు ఒకసారి మెడ్రాసుకొస్తే మళ్ళీ ఈ ఊరికి పంపం, సూడు" అన్నాడు. అందరూ నవ్వారు. రుక్కత్త కూడా నవ్వింది. వద్దనలేదు. బళ్ళో పిల్లకాయలు అంతకుముందే, "మీ యత్తను గూడా ఎత్తకపోతార్రా ఆ జుట్టోళ్ళు" అని ఏడిపించేవాళ్ళు. నాకు అవన్నీ ఒకటైపోయాయి: పడుగు మెడ్రాసు చేరితే రుక్కత్త ఇక నా దగ్గరికి రాదు.

గంగమ్మ జాతర రోజున ఇంటిల్లిపాదీ అంబలి కుండతో గుడికి వెళ్ళారు. కడుపు నొప్పని నేను ఇంట్లో ఉండిపోయాను. ఎండ పెంకుల సందుల్లోంచి పడుగు మీద చారలుగా పడుతోంది. నేతపనివాళ్ళ ఇళ్ళలో పిల్లలకు అక్షరాల కన్నా ముందు నేర్పే సంగతి ఒకటుంది. పడుగులో అడ్డంగా రెండు వెదురు కర్రలుంటాయి. ఒక పోగు కర్ర పైనుంచి, దాని పక్క పోగు కిందినుంచి పోతుంది. ఏ పోగు తర్వాత ఏ పోగో చెప్పేది ఆ కర్రలే. అవి తీస్తే ఒక్క పోగూ తెగదు, కానీ వరస ఉండదు. నేను ఆ రెండు కర్రలూ లాగేశాను. చివరి తాడు విప్పి, పడుగు కొస పట్టుకుని చేతులు నొప్పి పుట్టేదాకా విదిలించాను. కొండ కుప్పగా నేలమీద పడింది.

వచ్చి చూసి చిన్నాయన కుప్పలోంచి ఒక కొస పట్టుకుని లాగి చూశాడు. తర్వాత నాయనవైపు తిరిగి, "నువ్వేనా అన్నా?" అన్నాడు. నాయన మొహం నాకిప్పటికీ కనిపిస్తుంది. "నేత పుటక పుట్టినోణ్ణిరా నేను" అని మాత్రం అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అన్నదమ్ములు సరిగా మాట్లాడుకోలేదు. నేను నోరు తెరవలేదు.

రుక్కత్త ఎవరినీ అడగలేదు. కర్రలవైపు చూసింది. వాటిని నేలమీద పారేయకుండా, ఆమె నాకు నేర్పినట్టే గోడకు ఆనించి పెట్టాను నేను. బయటివాడెవడూ అలా పెట్టడు. ఆమె నన్నొకసారి చూసి, కిందికూర్చుని, రంగును బట్టి పోగులు ఏరడం మొదలుపెట్టింది. వానలు మొదలయ్యేదాకా ఏరింది. కొంత దొరికింది, చాలా వరకు దొరకలేదు. సగం సగం కుదిరిన పోగులను మగ్గానికెక్కించి మూర గుడ్డ నేసేసరికి, కొండ ముక్కలై, ముక్కు ఒకచోట, నుదురు ఇంకోచోట, మధ్యలో ఆకాశం చీలికలుగా వచ్చింది. చిన్నాయన అది చూసి ఎగిరి గంతేశాడు.

"అక్కా, ఇదే బాగుండాది! మనం గీసిన దానికన్నా వెయ్యిరెట్లు! ఎవుడు చేసినాడో గానీ వాడే పెద్ద ఆర్టిస్టు."

స్నేహితులంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. రుక్కత్త మగ్గం గుంటలోంచి కాళ్ళు తీయకుండానే అంది: "ఒప్పుకున్నాను గాబట్టి నేసిస్తా. నా పేరు మాత్రం ఎయ్యొద్దు."

"ఎందుకక్కా?"

"ఇది నేను నేసింది కాదు గాబట్టి."

చిన్నాయనకు అర్థం కాలేదు. ప్రాణం పెట్టి గీత నిలపడం నేర్చుకున్న మనిషికి, గీత చెదిరితే చప్పట్లు కొట్టడం ఎంత అవమానమో ఆ షెడ్డులో అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. గుడ్డ మెడ్రాసుకు వెళ్ళింది, చిన్నాయనా దాని వెంటే వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. రుక్కత్త వెళ్ళలేదు. నేను కోరుకున్నది అదే. ఆమె నాకు ముద్దలు కలిపి పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది. కానీ మగ్గం దగ్గరికి వెళ్తే, "దూరంగా కూసో నాయనా" అనేది. ఆ మాటలో కోపం లేదు. నేను ఉద్యోగానికని ఊరు విడిచే దాకా అదే మాట, అదే నెమ్మది. నిజం చెప్పడానికి ఆమె నాకు ఎన్నో ఏళ్ళు ఇచ్చింది. నేను వాడుకోలేదు. నాయన తన మీది అనుమానంతోనే పోయాడు, తర్వాత ఆమె కూడా పోయింది.

పోయినేడు చెన్నైలో పాత చిత్రకారుల ప్రదర్శన ఒకటి పెడితే వెళ్ళాను. ఆ గుడ్డ అద్దం వెనక వేలాడుతోంది. కింద చిన్నాయన పేరు. అక్కడి అమ్మాయి పిల్లలకు చెబుతోంది, చిత్రకారుడు కావాలనే వరస చెడగొట్టి పాత పద్ధతిని ధిక్కరించాడని. నన్ను చూసి, "మీకు ఈ షెడ్డు గురించి తెలుసా సార్?" అంది. తెలియదన్నాను. యాభై దాటిన మనిషిని, అడ్డుపడేవాళ్ళు ఒక్కరూ లేరు, అయినా తెలియదన్నాను.

నగరిలో ఇప్పుడు ఆ షెడ్డు లేదు. వీధిలో ఎవరూ పడుగు సాగదీయరు, తెల్లారేసరికి ఆటోలు నిలుస్తాయి. పోయినవాటిలో అవి చిన్నవి. చెదిరిన గుడ్డనైనా అద్దం వెనక దాచి ఉంచారు. అంచులో మొదట తన పేరు వేసుకుని, ముక్కూ నుదురూ చెదరకుండా రుక్కత్త నేయాల్సిన గుడ్డ మాత్రం ఎక్కడా లేదు.