పిడికిట్లో తాళాలు

బస్సు గజపతినగరం దాటగానే నా మూడేళ్ల కూతురు బిగుసుకుపోయి కొట్టుకుంది. ఫిట్సనుకుని, ఎవరో ఇచ్చిన ఇనప తాళాల గుత్తిని దాని పిడికిట్లో కుక్కి గట్టిగా నొక్కాను. అరచెయ్యి చిట్లి రక్తం వచ్చింది.

వెనక సీట్లోని చేపలమ్మే ముసలావిడ నా చెంప పగలగొట్టి తాళాలు లాక్కుంది.

"పిల్ల సల్లబడి సెమట కారతన్నాది, సూడవేటి? ఇంట్లో సుగరు బిళ్లలు ఎవులేసుకుంటన్నారు?"

"మా అమ్మ."

పొద్దున పాప చేతిలోంచి లాక్కున్న అమ్మ బిళ్లల అట్ట గుర్తొచ్చింది. సగం ఖాళీ.

పాప కొట్టుకోవడం ఆగి వాలిపోయింది. ఆవిడ తన సంచిలోని పంచదార తడిపి దాని చిగుళ్లకు రాసింది. డ్రైవరు చొక్కా పట్టుకుని బస్సును ఆసుపత్రికి తిప్పించింది.

గుమ్మంలో పాపను నా చేతికిస్తూ అంది.

"ఇలాగే బిళ్లలు మింగీసిన మా మనవరాలికి పేణం పోయేదాకా తాళాలే పట్టించినాను."