మూడు సెకన్లు

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న ఆ అమ్మాయికి కాలు ఒక్కచోట నిలవదు. పాఠం వీడియో తీసేటప్పుడూ అంతే. జడ కొస మెలిపెడుతుంది, సుద్దముక్క చేతులు మారుస్తుంది, కాలుగాలిన పిల్లిలా నల్లబల్ల ముందు తిరుగుతుంది. పంచదార డబ్బాకు ఆనించిన ఫోను వెనకాల, చొక్కాలకు గుండీలు కుడుతూ అమ్మ. ఎదురుగా మనిషి లేకపోతే ఈ పిల్లకు నోరు పెగలదు మరి. "ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగమ్మా, పిల్లలు ఆలోచించుకోవద్దూ?" అంటూ శిక్షణ ఇచ్చే మేడం ఇప్పటికే రెండు వీడియోలు తిప్పి పంపింది. సాయంత్రంలోగా పంపాల్సిన మూడోదీ తప్పితే ఈ ఏడాది తరగతిలో అడుగుపెట్టనివ్వరు.

ఎనిమిదిసార్లు తీసింది. ఎనిమిదిసార్లూ "సగంలో సగం ఎంత?" అని అడగడం, "పావు!" అని తనే అనేయడం. తొమ్మిదోసారి ప్రశ్న అడగ్గానే సుద్దపొడి గొంతుకు అడ్డం పడింది. దగ్గు ఆపుకుంటూ నోరు మూసుకుని నిలబడిపోయింది. అమ్మ చేతిలో సూది ఆగింది.

"పావు," అంది అమ్మ మెల్లగా.

"అబ్బా, అమ్మా! వీడియోలో నీ గొంతు కూడా పడిపోయింది!"

"ఇంతసేపు ఆగావు కదే, నన్నే అడుగుతున్నావనుకున్నా. మా బళ్లో నాకోసం ఎవరాగారు గనక?"

వీడియో చెరిపేయబోయిన వేలు అక్కడే ఆగింది. మూడు సెకన్లు దాటినా కదల్లేదు.