గడ్డ లేని మట్టి

ఉస్తాదు పోయాడన్న కబురు నాకు పుంగనూరు బస్టాండులో తెలిసింది. పొద్దున మదనపల్లె బస్సులో వచ్చే టపా సంచి దించుకోవడానికి వెళ్లాను. కండక్టరు సంచి ఇవ్వకుండా కిందికి దిగి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కూడా ఒకప్పుడు మా గరిడీలో కసరత్తు చేసినవాడే.

"ఉస్తాదు లేడప్పా. తెల్లారేలోగా పోయినాడంట. మద్యానం నమాజు కాంగానే ఎత్తుతారు. సంచి ఆపీసులో ఇచ్చేసి రా, ఈ బస్సే తిరిగి పోతాది."

సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చోగానే నాకు తెలియకుండానే ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగంకెలు లోపలికి, ఆరంకెలు బయటికి. ఎత్తు ఎక్కేటప్పుడూ, ఏడుపు ఆపుకునేటప్పుడూ నాకు అదే అలవాటు. ఆ లెక్క నేర్పినవాడి దగ్గరికే పోతున్నానని గుర్తొచ్చి అంకె తప్పింది. పక్క సీటు ముసలమ్మ తన కొంగుతో నా మొహం తుడిచింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నేను మదనపల్లెకు పోస్టుమన్‌గా వచ్చాను. వచ్చానంటే సగమే నిజం. అంతకుముందు పది నెలలు ఆ ఊరి బయటే శానిటోరియంలో మంచం పట్టి ఉన్నాను. క్షయ. నయమైందని, ఇంక ఎవరికీ అంటదని డాక్టర్లు కాగితం రాసిచ్చారు. ఆ కాగితం మెడలో వేలాడదీసుకుని వీధుల్లో తిరగలేను కదా. ఆ జబ్బు పేరు చెబితే ఎదురుగా వచ్చేవాడు వీధి దాటి అవతలికి పోయే కాలం. ఇంక నా చేతి ఉత్తరం ఎవరు తీసుకుంటారు? అందుకే ఆఫీసులో పెద్దాయనకు తప్ప ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన దయతలచి ఆరు నెలలు ముద్రలు కొట్టే పని ఇచ్చాడు. ఆ తరవాత సైకిలు మీద కొండదారి పల్లెలకు పోవాలి. పోలేకపోతే ఉద్యోగం ఉండదు. సొంతూళ్లో అమ్మ, "సేద్యం అన్న సేస్తాండాడు గదా నాయనా, నువ్వు నీడన కూసో" అంటుంది. ఇరవై ఆరేళ్లకు నీడన కూర్చోమంటే ఎలా ఉంటుందో చెప్పలేను. నాకు మాత్రం మెట్లు ఎక్కితే ఆయాసం.

నేను అద్దెకున్న గది కిటికీలోంచి గరిడీ కనిపించేది. రేకుల కొట్టం, మధ్యలో ఎర్రమట్టి గోదా, గోడకు ఆనించిన గదలు. హోటల్లో దోసెలు పోసే మాస్టరు, ఓ టైలరు, ఈ కండక్టరు, ఇంకా నలుగురైదుగురు. ఎవరూ పేరున్న పైల్వాన్లు కారు. పగలంతా ఎవరి పనుల్లో వాళ్లు నలిగేవాళ్లే, పొద్దున ఒక్క గంట ఆ మట్టిలో పొర్లి, కొత్తగా పుట్టినట్టు బయటికి వచ్చేవాళ్లు. భార్య పోయాక మూడు నెలలు కత్తెర ముట్టని టైలరు, బస్కీలు తీయడం మొదలుపెట్టాకే అంగడి తలుపు తెరిచాడని చెప్పేవాళ్లు. నెల రోజులు కిటికీలోంచే చూసి, ఒకరోజు గడప దాకా పోయి నిలబడ్డాను.

"యాల ఆడ నిలబడుకోనుండావు? లోపలికి రాప్పా" అన్నాడు ఉస్తాదు.

ఆయన దూదేకుల మనిషి. వీధి మొదట్లో పరుపుల అంగడి. దూది ఏకేది తమ్ముడు, ఈయన కుట్టడం వరకే. దూది రేగితే లేచి అవతలికి పోయేవాడు. ఆయన సొంతూరు కుప్పంలో పెద్ద పైల్వాను అని మేమే చెప్పుకునేవాళ్లం, ఆయన ఔననలేదు, కాదనలేదు. అందరూ లంగోటితో ఉండే చోట ఆయన ఒక్కడే మెడ గుండీ దాకా పెట్టిన తెల్లచొక్కాతో గట్టు మీద కూర్చునేవాడు. ఎడమ భుజం కొంచెం దిగి ఉండేది. వంగి కుట్టీ కుట్టీ అలా అయిందనుకున్నాం. ఎవరితోనూ కుస్తీ పట్టేవాడు కాదు. నోటితోనే నేర్పేవాడు.

నాకు గోదా మట్టిని గుల్లచేసే చనిక అందించి, "మూరెడు తవ్వు, సాలు" అన్నాడు.

"దండేలు, బస్కీలు నేర్చుకుందామని వచ్చినా ఉస్తాదూ."

"దండేలు యాడికీ పోవులే. మూరెడు తవ్వు."

మూరెడు తవ్వేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. దగ్గు వచ్చింది. దాన్ని గొంతులోనే నొక్కేసుకున్నాను. ఆయన ఎందుకో ఆ నిమిషంలో గోడకున్న గదలు సర్దడానికి అటు తిరిగాడు. తరవాత నా పక్కన గొంతుకూర్చుని, తవ్విన మట్టిలో గడ్డలు వేళ్లతో చిదిపి చూపించాడు. "గడ్డ మిగిలితే తవ్వినోనికి తెలీదప్పా. పడినోని వీపుకు తెలుస్తాది. బాగా సిదుపు."

మర్నాడు రెండు మూరలు. ఆ మర్నాడు మూడు తవ్వబోతే చనిక లాక్కున్నాడు. "నిన్న రెండుకే నీ పెదాలు నల్లబడినాయి. ఈపొద్దు కూడా రెండే." నాకు ఒళ్లు మండింది. కుర్రాళ్లంతా దబీదబీమని పడుతూ లేస్తూ ఉంటే నేను మూలన కూర్చుని మట్టి పిసుకుతున్నానని చిన్నతనంగా ఉండేది. ఒకసారి ఆ మాట అనేశాను కూడా. ఆయన నవ్వాడు. "ఊపిరి ఎనకబడితే నువ్వు నిలబడుకో. అదొచ్చి నిన్ను కలుసుకుంటాది. దాన్ని ఇడిసిపెట్టి ముందరికి పోతే ఇద్దురూ తప్పిపోతారు" అన్నాడు. నాలుగూ ఆరూ లెక్క అప్పుడే చెప్పాడు.

కసరత్తు అయ్యాక అందరికీ ఒకే లోటాతో రాగి అంబలి తిరిగేది. నేను రోజూ ఏదో ఒక వంక చెప్పేవాణ్ణి. పళ్లు తోముకోలేదనీ, ఒక్కపొద్దనీ. డాక్టరు కాగితం మీద నాకే నమ్మకం లేదు. నా వల్ల ఒకరికి అంటితే ఆ పాపం ఎక్కడ కడుక్కోను? వారం చూసి ఉస్తాదు లోటా నాకే ముందు ఇచ్చాడు. అందరూ చూస్తున్నారు. తప్పక రెండు గుక్కలు తాగాను. ఆయన నా చేతిలోంచి అందుకుని, నా పెదాలు తగిలిన అంచునే నోటికి ఆనించుకుని మిగిలిందంతా తాగేశాడు. మూతి తుడుచుకుని, "ఉప్పు తక్కువైందిరా ఈపొద్దు" అని కండక్టరు మీద కేకలేశాడు. నేను గదికి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

గోదా ఇరవై రెండు మూరలు. అంతా నేనొక్కణ్ణే తవ్విన రోజుకు నా ఆరు నెలల గడువులో ఐదోది నడుస్తోంది. అప్పుడు నాతోబాటు కొండదారికి వచ్చాడు. అక్కడి పల్లెలో పరుపు కొలతలు తీసుకోవాలని చెప్పాడు గానీ, వారానికి మూడుసార్లు పరుపు కొలతలు ఇచ్చే పల్లె ఏదీ లేదు. నేను సైకిలు తోస్తూ, ఆయన పక్కన నడుస్తూ. సగం ఎత్తులో ఆగి, "నిలబడుకోప్పా, నాకు ఆయాసం వస్తాండాది" అనేవాడు. నా పరువు కాపాడటానికి అలా అంటున్నాడని అనుకునేవాణ్ణి. ఎంత మంచివాడు, నాకోసం అబద్ధమాడుతున్నాడు అని.

ఆరో నెల మొదటి సోమవారం, కాలు కింద పెట్టకుండా పైదాకా తొక్కాను. వెనక్కి తిరిగి చూస్తే కింద ఆయన భుజం మీది తువ్వాలు తీసి తల మీద తిప్పుతున్నాడు. ఆ రోజునుంచి పన్నెండేళ్లుగా నా జీతం, నా పెళ్లి, నా బిడ్డ, అన్నీ ఆ ఎత్తు మీద నిలబడినవే.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా దాటేస్తే ఈ నాలుగు మాటలూ రాయడం దండగ.

ఒళ్లు వచ్చాక మనిషికి పొగరూ వస్తుంది. మరుసటేడు మొహర్రానికి గరిడీలో సాము చూడటానికి వీధంతా చేరింది. కుర్రాళ్లు ఉస్తాదును గోదాలోకి దిగమని బతిమాలారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. వాళ్లలో నేనే పెద్ద గొంతుతో, "కుప్పం పైల్వాను చొక్కాలోనే దాక్కుంటాడా? తియ్యి ఉస్తాదూ" అని చొక్కా పట్టి లాగాను. మెడ దగ్గరి గుండీ తెగి మట్టిలో పడింది. ఆయన రెండు చేతులతో చొక్కా అంచులు దగ్గరికి పట్టుకున్నాడు. ఆ కళ్లలో కోపం లేదు, భయం ఉంది. ఆడపిల్ల పైట పట్టుకుని లాగినవాడిలా నిలబడిపోయాను. ఆయన గోదా చుట్టూ తిరిగి, ఎవరినీ చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఆయనా రాలేదు, మొహం చెల్లక నేనూ పోలేదు. నాలుగో రోజు నేను పోయేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అదే చొక్కా. గుండీని పరుపులు కుట్టే లావు దారంతో కుట్టుకున్నాడు. కాళ్ల మీద పడబోతే ఆపి, "తెగింది గుండీనే గదప్పా. పో, తవ్వు. నువ్వు రాకుంటే గోదా గట్టిపడిపోయినాది" అన్నాడు. అంతే. నేను లోపలిది దాచుకుని బతుకుతున్నవాణ్ణి కదా, ఎదుటి మనిషీ ఏదైనా దాచుకుని ఉంటాడేమో అని నాకు తట్టలేదు.

తరవాత పుంగనూరుకు బదిలీ అయింది. మదనపల్లె పోయినప్పుడల్లా ఆయనకు కనిపించి వచ్చేవాణ్ణి. నా జబ్బు సంగతి ఆయనకు ఇప్పుడు చెబుదాం, మళ్లీసారి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. క్షమించమని ఇంకోసారి అడుగుదామనీ అనుకున్నాను. అంగట్లో కూర్చుంటే ఆయన వానల గురించి, నా బిడ్డ చదువు గురించి మాట్లాడేవాడు. ఆ మాటల్లో పడి పొద్దుపోయేది, బస్సు వేళయ్యేది.

పుంగనూరు నుంచి ఆ రోజు నేను ఉస్తాదు ఇల్లు చేరేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టేశారు. కొడుకు నన్ను చూసి పక్కకు తీసుకుపోయాడు. ముప్పై ఏళ్ల మనిషి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నీకు తెలుసా అన్నా? స్నానం సేయిస్తా ఉంటే వచ్చినోళ్లంతా బిత్తరపోయినారు. ఈపు మీద ఇంత పొడుగు కోత. ఎడమపక్క ఏడు ఎముకలు లేవు మా నాయనకు. శానిటోరియంలో తీసేసినారంట, నేను పుట్టకముందర. దూది పనిలో పట్టుకునిందంట జబ్బు. కుప్పంలో ఎవురూ దగ్గరికి రానియ్యకుంటే ఈడికి సావడానికని వచ్చినాడు. సావలా. ఆపరేషను అయినాక, పాడుబడిన గరిడీలో ఎవురూ లేనప్పుడు పోయి దినానికి మూరెడు తవ్వుకునేవాడంట, ఊపిరి కోసరం. పైల్వానూ కాదు ఏమీ కాదు. సూసినోళ్లు ఉస్తాదూ అన్నారు, ఉండిపోయినాడు."

కొండదారిలో ఆయన ఆయాసం నిజం. ఏడు పక్కటెముకలు లేని మనిషిని వారానికి మూడుసార్లు నా సైకిలు పక్కన ఎత్తెక్కించాను. ఆ మనిషి చొక్కా లాగాను.

"నా సంగతి ఆయనకు తెలుసా?" అని అడిగాను.

"నువ్వొచ్చిన దినమే తెలుసు. ఇంటికొచ్చి మాయమ్మతో అన్నాడంట, ఈపొద్దు మన ఆస్పత్రోడు ఒకడొచ్చినాడు, దగ్గు మింగుతాండాడు పాపం, వాణ్ణి ఎట్లయినా ఎత్తెక్కించల్ల అని."

అతని వెనక గోడకు ఆ తెల్లచొక్కా తగిలించి ఉంది. కాలర్ చిరిగింది, రంగు మాసింది. మెడ దగ్గర గుండీ మాత్రం ఆ లావు దారంతో అలాగే బిగిసి ఉంది.

కబరస్తాన్‌కు నేనూ మోశాను. గుంతలో పడుకోబెట్టి పైన బండలు పరిచారు. మనిషికి మూడు గుప్పిళ్లు మట్టి వేయమన్నారు. వానల్లేని నేల, తవ్విపోసిన మట్టంతా గడ్డలు. బంధువులు వేశాక మా గరిడీవాళ్ల వంతు వచ్చింది. ముందు దోసెల మాస్టరు వంగి గుప్పెడు తీసుకున్నాడు. వెయ్యలేదు. నిలబడి వేళ్లతో చిదుపుతున్నాడు. టైలరు చిదుపుతున్నాడు. కండక్టరు గొంతుకూర్చుని చిదుపుతున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నమాజు చేయించిన హజరతు ఆశ్చర్యంగా చూసి, తొందరపెట్టకుండా ఆగాడు. నేను రెండు చేతులతో మట్టి తీసుకుని, నాలుగు లోపలికి, ఆరు బయటికి లెక్కపెడుతూ, అరచేతిలో ఒక్క గడ్డ కూడా మిగలకుండా చిదిపి, బండల కింద ఆయన వీపు ఉన్న వైపు మెల్లగా వదిలాను.

మా వంతు అయ్యేసరికి చాలాసేపు పట్టింది. మేం వేసిన వైపు మట్టి పిండిలా మెత్తగా ఉంది.