నడిమింటి ఓబులేసు పిలుపులు

ఓబులేసు మొట్టమొదట గెలిచింది కొత్తపల్లె పెద్ద మద్దిలేటి చేతిలో పెళ్లి కార్డు పెట్టినప్పుడు. కార్డు ఇవ్వడం కూడా ఒక గెలుపేనా అని ఇప్పటి పిల్లలు నవ్వొచ్చు. ఆ కార్డుకు ముందు పన్నెండేళ్లు ఆ గడపకు ఆ వంశంలో ఎవరి పిలుపూ అందలేదు.

ముగ్గురు అన్నదమ్ముల సంతతి వాళ్లది. పెద్దవాడి వాళ్లు కొత్తపల్లెలో స్థిరపడ్డారు. చిన్నవాడి వాళ్లు నంద్యాల చేరారు. నడిమివాడి వాళ్లు ఆళ్లగడ్డ పక్కనే భూములు పట్టుకుని ఉండిపోయారు. పెద్దిల్లు, నడిమిల్లు, చిన్నిల్లు అని చుట్టాల్లో పేర్లు. పొలాల మధ్య బండి దావ ఎవరిదని మొదలైన తగాదా పెద్దింటికీ చిన్నింటికీ మాటలు లేకుండా చేసింది. ఒకరి పెళ్లిలో ఇంకొకరు చెయ్యి కడగరు, ఒకరి చావుకు ఇంకొకరు భుజం పట్టరు. నడిమింటి వాళ్లు ఎవరిని పిలిచినా రెండో వాళ్లకు కోపం.

1998లో చెల్లెలి పెళ్లి కుదిరినప్పుడు ఓబులేసుకు ఇరవై రెండేళ్లు. కార్డు తీసుకుని బస్సెక్కి కొత్తపల్లె పోతే పెద్దింటి యజమాని పెద్ద మద్దిలేటి ఇంట్లోకి కూడా రమ్మనలేదు. రెండోసారి పోయాడు, అదే మర్యాద. మూడోసారి పోయేసరికి ఆయన ట్రాక్టరు నల్లరేగడిలో దిగబడి ఉంది. ఓబులేసు చొక్కా విప్పి బురదలో దిగి, పొద్దు వాలేదాకా కూలీలతో కలిసి తోశాడు. పైకి వచ్చి, బురద చేతులతోనే కార్డు చాపాడు. ఆయన తీసుకున్నాడు. ఆ పెళ్లిలో పెద్దిల్లూ చిన్నిల్లూ ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. వడ్డించింది ఓబులేసే.

ఆ తర్వాత ఆ వంశంలో ఏ శుభకార్యమైనా కార్డుల సంచి నడిమింటికే వచ్చేది. గడివేములలో అలిగిన మేనమామను పెళ్లి పందిట్లోకి నడిపించింది ఓబులేసు. నందికొట్కూరులో విడివిడిగా ఉన్న తోడికోడళ్లను ఒకే ఆటోలో కూర్చోబెట్టి తెచ్చింది ఓబులేసు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎవరి ఇంట్లో మగవాడికి చెప్పాలి, ఎవరి ఇంట్లో ముసలమ్మకు చెప్పాలి, అంతా ఆయనకు కంఠతా వచ్చు. అహోబిలం స్వామే పల్లకీ ఎక్కి ఊరూరా తిరిగి తన పెళ్లికి జనాన్ని పిలుచుకునే సీమ ఇది. పిలుపు విలువ ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పాలా? బండి మీద ముందు ఓబులేసు, వెనక కుంకుమ భరిణె ఒడిలో పెట్టుకుని భార్య రామేశ్వరమ్మ. మగవాళ్లకు ఆయన కార్డు ఇస్తాడు, ఆడవాళ్లకు ఆమె బొట్టు పెడుతుంది. పాతికేళ్లకు పైగా ఒక్క ఇంటివాళ్లు కూడా అలిగి రాకుండా పోలేదు. ఈ మాట అనగలిగినవాళ్లు రెండు తాలూకాల్లో ఎందరున్నారు?

చివరికి సొంత కూతురు శ్రీజ పెళ్లి వచ్చింది. నిరుడు కార్తీకంలో ముహూర్తం. ఆశ్వయుజం వానలు విడవలేదు. అప్పటికి చుట్టాలు సగంమంది పల్లెలు వదిలి నంద్యాల చుట్టూ లేచిన వెంచర్లలో ఇళ్లు కట్టుకున్నారు. పల్లెలో అయితే ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. ఆ కాలనీల్లో పక్కింటివాడి పేరు పక్కింటివాడికి తెలియదు. సెల్‌ఫోను బయటికి తీస్తే వానకు తడుస్తుంది.

చెల్లెలి కొడుకు కిరణ్ ఒక మిషన్ తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. బండి హ్యాండిలుకు బిగించాడు.

"వానకు తడిసినా ఏం కాదు మామా. సిగ్నల్ లేకున్నా ఆకాశంలో ఉపగ్రహాన్ని చూసి దావ చెప్తాది. వాగు పొంగిన దావ ఉంటే చెప్పు, అది తప్పించి తిప్పుతాది."

ఓబులేసు పక్కన కూర్చుని వరస చెప్పాడు. ముందు కొత్తపల్లె పెద్దిల్లు. తర్వాత నందికొట్కూరు, గడివేముల. చివరికి నంద్యాల చిన్నిల్లు. కిరణ్ అదే వరసలో ఎక్కించాడు. అన్నీ ఎక్కించాక చూస్తే, నంద్యాల దాటి కొత్తపల్లె పోయి మళ్లీ నంద్యాలకు రావడం కనిపించింది. మామకు పెట్రోలు కలిసొస్తుందని దగ్గర దావకు సర్దే మీట ఒకటి నొక్కి పెట్టాడు. మంచికే చేశాడు. చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

తెల్లవారి బయలుదేరారు. మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు పూసి, దేవుని దగ్గర పెట్టి, పెద్ద మద్దిలేటి పేరు రాసి, వానకు తడవకుండా సంచిలో అడుగున పెట్టింది రామేశ్వరమ్మ. హైవే ఎక్కగానే మిషన్ ఇంగ్లీషులో మాట్లాడింది.

"ఎవరప్పా ఈమె, నా మొగునికి కుడి ఎడమ చెప్తాండేది?" అంది రామేశ్వరమ్మ.

"ఊరికే కూర్చో. నీ మాదిరి గొణగదు, ఒక్కసారి చెప్తాది."

"ఒక్కసారి చెప్తే వినే మొగుడు నాకేడున్నాడు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ పిలుపుల్లో వాళ్లు నవ్వింది అదొక్కసారే.

నంద్యాల దగ్గర మిషన్ హైవే దిగమంది. కొత్తపల్లెకు పోయే వెలుగోడు దావలో వాగు పొంగి ఉంటుంది, కిరణ్ దానికి చెప్పి ఉంటాడు, తప్పించి తిప్పుతోంది అనుకున్నాడు ఓబులేసు. రెయిన్‌కోటు టోపీ కళ్ల మీదికి జారుతోంది. ఒకే రంగు ఇళ్లు, ఒకే మాదిరి సందులు. నాలుగు సందులు తిరిగాక మిషన్ వచ్చేశారని చెప్పి ఊరుకుంది. ఎదురుగా రెండు ఇనుప నెమళ్లున్న గేటు.

రామేశ్వరమ్మ ఆ గేటును గుర్తుపట్టింది. శ్రావణంలో చిన్నింటి వాళ్ల గృహప్రవేశానికి ఓబులేసు జ్వరంతో రాలేకపోతే ఆమె ఒక్కతే ఆటోలో వచ్చింది. ఆ నెమళ్లను చూసి పోయింది.

"ఇది జ్యోతోళ్ల ఇల్లు! ఈడికేల తెచ్చినావ్?"

"జ్యోతోళ్లదా? ఇదా?"

"తిప్పు బండి. పెద్దింటికి పోకముందు ఈడ కాలు పెట్టగూడదు."

"తిప్పుతాండా, ఉండు. జారతాది."

మిద్దె మీద నుంచి కేక వినబడింది. "అక్కా! బావా! వానలో ఏందీ తిప్పలు? రాండి, లోపలికి రాండి!"

చిన్నింటి కోడలు నాగజ్యోతి గొడుగు వేసుకుని గేటు దాకా వచ్చేసింది. వానకు ఆగామని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోవచ్చు. రామేశ్వరమ్మ భర్త వీపు మీద గిల్లింది కూడా. భరిణె కొంగులో దాచుకునే లోపే నాగజ్యోతి కన్ను దాని మీద పడింది.

"బొట్టు పెట్టకుండా పోతారా అక్కా? మేమేం పరాయోళ్లమా?"

ముత్తైదువ నోరు తెరిచి అడిగాక కాదనడం ఎట్లా? శుభమా అని బయలుదేరిన పని. రామేశ్వరమ్మ బొట్టు పెట్టింది. ఓబులేసు కొంచెం తటపటాయించి సంచిలోంచి పైనున్న కార్డు తీసి ఇచ్చాడు. వానలో వచ్చి ఉత్తచేతులతో నిలబడటం ఆయనకు చేతకాలేదు. పసుపు కార్డు అడుగునే ఉందిలే, మొదటి పిలుపు ఇంకా చెడలేదులే అని మనసుకు చెప్పుకున్నాడు.

నాగజ్యోతి కార్డు పట్టుకుని నవ్వుతూ ఫోటో దిగింది. దాన్ని వంశం వాళ్లందరూ ఉన్న వాట్సప్ గ్రూపులో పెట్టింది. కింద రాసింది: "శ్రీజ పెళ్లి తొలి పిలుపు మా చిన్నింటికే!" మురిపానికి రాసిందో ఎత్తిపొడుపుకు రాసిందో ఆమెకే తెలియాలి.

అక్కడి నుంచి మిషన్ చెప్పింది వినకుండా, గడివేముల దావ పట్టకుండా, వెలుగోడు మీదుగా నేరుగా కొత్తపల్లె తోలాడు ఓబులేసు. వాగు పొంగనే లేదు. ఆత్మకూరులో టీకి ఆగినప్పుడు రామేశ్వరమ్మ ఫోను చూసింది. ఆ ఫోటో కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పెద్దింటి నుంచి ఒక్క బొమ్మా లేదు.

పెద్ద మద్దిలేటి వసారాలో మంచం మీద ఉన్నాడు. ఎనభై దాటాయి. చూపు తగ్గింది గానీ చెవి, నోరు చక్కగా ఉన్నాయి.

"రాప్పా ఓబులేసూ. తడిసినారే. మజ్జిగ తాగండి."

మజ్జిగ వచ్చింది. వాన సంగతి అడిగాడు. మొక్కజొన్న సంగతి అడిగాడు. శ్రీజ సంగతి అడగలేదు. ఓబులేసు లేచి పసుపు కార్డు రెండు చేతులతో చాపాడు.

"పెద్దనాయనా, మీ మనవరాలి పెళ్లి. మీరు ముందు నిలబడి జరిపీయాల."

"ఆడ పెట్టు," అన్నాడు పెద్దాయన మంచం కోడు చూపించి.

చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. రామేశ్వరమ్మ భరిణె మూత తీసి పెద్దాయన భార్య పెద్దమ్మ దగ్గరికి పోయింది.

"తలకు పోసుకోలేదమ్మా. ఇప్పుడు బొట్టొద్దు," అని పెద్దమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె తల తడి ఇంకా ఆరలేదు, వెనక జారుముడి నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"పెద్దనాయనా, మొదటి కార్డు మీదే. పేరు సూడండి, పసుపు సూడండి. మిషన్ దావ మార్చి ఆడికి తీసకపాయ."

"ఏం మిషనప్పా అది?"

"బండికి పెట్టుకుంటాం. దావ సూపిస్తాది."

పెద్దాయన వాకిట్లో బండి వైపు తల తిప్పాడు. "మా ఇంటికి నీకు దావ తెలీదా ఓబులేసూ?"

పాతికేళ్ల మర్యాద ఆ ఒక్క మాటతో ఊడిపోయిందని రామేశ్వరమ్మకు అక్కడే తెలిసింది. కార్డు మంచం కోడు పక్కన నేల మీద పెట్టి ఇద్దరూ బయటికి వచ్చారు. ఎవరూ గడప దాకా రాలేదు.

కిరణ్ విని తల పట్టుకున్నాడు. "తప్పు నాది మామా. నేనే పోయి చెప్తా."

"నువ్వు పోయి ఏం చెప్తావ్? మీట నువ్వు నొక్కినావు. కండ్లు మూసుకుని బండి తోలింది నేను. అది చెప్పేకి పోతావా?"

పెళ్లిలో ముందు బంతి పెద్దింటి వాళ్లకని ఆకులు వేయించాడు ఓబులేసు. ఎవరినీ కూర్చోనివ్వలేదు. "వస్తారు, వస్తారు," అంటూ హాలు వాకిలికీ బంతికీ మధ్య తిరిగాడు. పెద్దింటి వాళ్లు గానీ, వాళ్ల మాట మీద నడిచే కొత్తపల్లె చుట్టాలు గానీ ఒక్కరూ రాలేదు. ఆకులు ఫ్యాను గాలికి ముడుచుకుపోతుంటే రామేశ్వరమ్మే వడ్డనవాళ్లకు సైగ చేసింది. తాళి పళ్లెం పట్టుకుని అయ్యవారు "వంశంలో పెద్ద ఎవరు?" అని అడిగితే, నాగజ్యోతి మామగారు ముందుకొచ్చి చెయ్యి తగిలించాడు. ఆ ఫోటో కూడా గ్రూపులో పడింది. ఆ సాయంత్రమే పెద్దింటి వాళ్లందరూ గ్రూపులోంచి వెళ్లిపోయారు. బండి దావ తగాదా నాటికి మళ్లీ పోయి నిలబడింది వంశం.

ఆ తర్వాత ఓబులేసు చేతికి కార్డుల సంచి ఎవరూ ఇవ్వలేదు. టీ అంగడి దగ్గర పోతుంటే పిలిచి మరీ అంటారు. "ఏమప్పా, మా ఇల్లు తెలుసా, మిషన్‌ని అడిగి చెప్తావా?" ఆయన నవ్వుతాడు. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేస్తాడు. కుదిర్చిన చుట్టరికాలు, కలిపిన తోడికోడళ్లు, నడిపించిన మేనమామ ఎవరికీ జ్ఞాపకం లేదు. ఒక్క తప్పు అందరికీ జ్ఞాపకం ఉంది. రామేశ్వరమ్మకు అదే కడుపుమంట.

ఈ చైత్రంలో పెద్ద మద్దిలేటి మనవడికి పెళ్లి కుదిరింది. నంద్యాలలో మే పదిన. పెద్దాయన కొడుకు కారులో కార్డులు పంచడానికి ఆళ్లగడ్డ వచ్చాడు. కారు వీధి మొదట్లో ఆగిందని తెలియగానే రామేశ్వరమ్మ మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, వాకిట్లో నీళ్లు చల్లి చాప పరిచి నిలబడింది. ఎడమ పక్కింటికి పోయాడు. ఆమె వైపు చూసి తలాడించాడు కూడా. తర్వాత కుడి పక్కింటికి పోయాడు. తర్వాత కారు వెళ్లిపోయింది. ఆమె చాప చుట్టి లోపల పెట్టింది.

ఓబులేసు పొలం నుంచి వచ్చాడు. చాప తడి నేలకు అంటుకుని వదిలిన మరక వాకిట్లో కనబడింది. మరుసటి వారం బట్టలు సర్దుకున్నాడు. కర్ణాటకలోని గంగావతిలో రామేశ్వరమ్మ అన్న వరి కౌలు చేస్తున్నాడు, కోతలకు మనిషి కావాలన్నాడు.

"కోతలకా, పెండ్లికి కనపడకుండానా?" అంది రామేశ్వరమ్మ.

"పెండ్లి రోజు నేను ఊళ్లో ఉంటే, ఏమప్పా నువ్వు పోలేదా అని ప్రతివాడూ అడుగుతాడు. నా వల్ల కాదు."

"నన్నడగరా? నేను ఈడ గోడనా? తోలింది నువ్వు, బొట్టు పెట్టింది నేను. నువ్వు బండెక్కి పోతాండావ్, నేను గడపలో నిలబడి అందరికీ మొహం చూపించాల."

ఓబులేసు బండికి మూట కట్టి తాడు బిగించాడు. హ్యాండిలుకు ఆ మిషన్ అట్లాగే ఉంది. గంగావతి ఆయనకు తెలియని దావ, దానికి అది కావలసిందే. దాన్ని ఉంచుకోడానికి ఆయన సిగ్గుపడలేదు.

"కొత్తకోడలి గృహప్రవేశం, మూడు నిద్దర్లు అన్నీ అయిపోనీ. అప్పుడొస్తా," అన్నాడు బండి స్టార్టు చేస్తూ.

"నాకో తేదీ చెప్పి పో. అడిగినోళ్లకు చెప్పల్ల కదా."

చెప్పాడు. పోయాడు.

పెళ్లికి పోయే పట్టుచీరతో పక్కింటావిడ గడప దగ్గర ఆగి, కావాలనే అడిగింది. "ఏం రామేశ్వరమ్మా, మీ ఆయన యాడ? పెండ్లికి కనపడడే?"

"కోతలకు గంగావతి పోయినాడు. వస్తాడు," అంది రామేశ్వరమ్మ, తల దించకుండా. "మే పద్నాలుగు, గురువారం."